కాకిలెక్కల్లో కాదు... ఇంటింటి లెక్కల్లో ఉంది కొలువు!

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారా? పీజీ ముగించి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్నారా? అయితే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ తరహా ప్రకటన మీరు చూసే ఉంటారు. ‘ప్రజారోగ్య రంగంలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థకు ఫీల్డ్ కోఆర్డినేటర్లు కావలెను. ఏదైనా డిగ్రీ. గ్రామాల్లో తిరగగలగాలి. టూవీలర్ ఉన్నవారికి ప్రాధాన్యం.’ జీతం మాట ఉండదు. ఉన్నా ‘అనుభవాన్ని బట్టి’ అని ఉంటుంది. సగం మంది అక్కడే వదిలేస్తారు. మిగతా సగం అప్లై చేసేసి, ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి ఆ సంస్థ అసలేం చేస్తుందో వెతుక్కుంటారు.

అలా వెతికితే దొరికేది వార్షిక నివేదిక. నలభై, యాభై పేజీల పీడీఎఫ్. మొదటి పేజీలో అధ్యక్షుల సందేశం, రెండో పేజీలో జ్యోతి ప్రజ్వలన ఫొటో, ఆ తర్వాత అన్నీ అంకెలు. రెండు నిమిషాలు పైకీ కిందకీ జరిపి మూసేస్తారు. దయచేసి మూసేయకండి. ప్రకటనలో రెండు లైన్లకు మించి లేని మీ ఉద్యోగం ఆ అంకెల మధ్యనే వివరంగా ఉంది. రోజూ ఎవరి ఇంటి తలుపు కొట్టాలి, ఏం రాసుకోవాలి, దేనికి జవాబు చెప్పాలి, ఎన్నాళ్లు ఉంటుంది... అన్నీ అక్కడే తెలుస్తాయి. కాకపోతే చదవడం తెలియాలి.

ఇక్కడ మాట్లాడుతున్నది వందల కోట్ల బడ్జెట్ ఉన్న పెద్ద ఫౌండేషన్ల గురించి కాదు. ఇరవై ముప్పై మంది సిబ్బందితో, ఒకటి రెండు మండలాల్లో పనిచేసే చిన్న సంస్థల గురించి. వీటికి ఏడాది అంటే ఏప్రిల్ నుంచి మార్చి. మార్చి 31 దాటాక రిజిస్టర్లు ముందేసుకుని లెక్కలు చూసుకుంటారు. ఆడిట్ పూర్తయి నివేదిక బయటికి వచ్చేసరికి చాలాచోట్ల దసరా దగ్గరపడుతుంది. లెక్కలు చూసుకునే ఆ రోజుల్లో మంచి సంస్థలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఏడాదంతా తిరిగాం సరే, దానివల్ల ఎవరికైనా ఏమైనా మారిందా?

చేసిందెంత... మారిందెంత?

నివేదికలోని అంకెలు రెండు రకాలు. మొదటి రకం, సంస్థ చేసిన పనులు: ఎన్ని క్యాంపులు పెట్టారు, ఎంతమందికి అవగాహన కల్పించారు, ఎన్ని కరపత్రాలు పంచారు. రెండో రకం, ప్రజల్లో వచ్చిన మార్పు: ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చింది, ఎంతమంది ఆడపిల్లల్లో రక్తహీనత తగ్గింది, ఎంతమంది పసికందులు బతికి బట్టకట్టారు. మొదటి రకం రాయడం తేలిక. క్యాంపు పెట్టిన సాయంత్రమే అంకె చేతికొస్తుంది. రెండో రకం అంకె కావాలంటే అదే ఇంటికి మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లాలి. ఆరు నెలల తర్వాత ఇంకోసారి వెళ్లాలి. ‘మళ్లీ వచ్చారా’ అని విసుక్కున్నా నవ్వుతూ అరుగు మీద కూర్చోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది కేవలం ఉదాహరణ. ఒక సంస్థ పది ఊళ్లలో వెయ్యి మందికి బీపీ చూసింది అనుకోండి. అందులో 200 మందికి ఎక్కువగా ఉంది. ఆ 200 మందినీ పీహెచ్‌సీకి వెళ్లమంటే 90 మంది వెళ్లారు. మాత్రలు మొదలుపెట్టిన ఆ 90 మందిలో ఆరు నెలల తర్వాత కూడా వేసుకుంటున్నవాళ్లు 40 మంది. వాళ్లలో బీపీ అదుపులో ఉన్నది 22 మందికి. ఇప్పుడు నివేదికలో ఏం రాయాలి? ‘వెయ్యి మందికి ఉచిత పరీక్షలు’ అని పెద్ద అక్షరాల్లో వేయొచ్చు. అది అబద్ధమేమీ కాదు. కానీ 200 దగ్గర మొదలై 22 దగ్గర తేలిన మెట్లన్నీ ఆ ఒక్క వాక్యం కింద పడి కనపడకుండా పోతాయి.

ఆ 200కీ 90కీ మధ్య జారిపోయిన 110 మంది ఎక్కడున్నారు? 90లో మాత్రలు మానేసిన 50 మంది ఎందుకు మానేశారు? కొందరు మిర్చి కోతలకు వేరే జిల్లా వెళ్లి ఉంటారు. కొందరు ‘ఒంట్లో బాగానే ఉందిగా’ అని ఆపేసి ఉంటారు. కొందరికి పీహెచ్‌సీలో ఆ నెల మాత్రలు అయిపోయాయి. కొందరికి ఊళ్లో ఆర్‌ఎంపీ ‘ఇవి ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలి, ఆలోచించుకో’ అని భయం పెట్టి ఉంటాడు. ఇందులో ఏది ఎంతమంది విషయంలో నిజమో కనుక్కుని, వాళ్లను మళ్లీ మందుల దగ్గరికి తీసుకురావడమే ఫీల్డ్ కోఆర్డినేటర్ ఉద్యోగం. ప్రకటనలో రాసిన ‘గ్రామాల్లో తిరగగలగాలి’ అనే మాటకు అసలు అర్థం ఇది.

ప్రభుత్వ కార్యక్రమాలు కూడా ఇప్పుడు ఈ దారికే వస్తున్నాయి. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తొలి విడత చేరిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఎంతమందిని పరీక్షించారన్న దగ్గరే అది ఆగదు. చికిత్సలో చేరినవాళ్లలో ఎంతమందికి బీపీ 140/90 కంటే తక్కువకు వచ్చిందన్నదే అక్కడ ముఖ్యమైన కొలమానం. కాబట్టి చిన్న సంస్థలో ఈ లెక్క నేర్చుకున్నవాళ్లకు రేపు ప్రభుత్వ ప్రాజెక్టుల్లోనూ చోటు ఉంటుంది.

గోదావరి అవతల ఒక ఉదాహరణ

ఓపిగ్గా లెక్కపెడితే ఒక చిన్న సంస్థ ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే గడ్చిరోలి వైపు చూడాలి. మనకేమీ దూరం కాదు. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరోంచ. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు బాగానే ఉన్నారు. ఆ జిల్లాలో 1986లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ‘సెర్చ్’ అనే సంస్థను మొదలుపెట్టారు. ఇద్దరూ నాగ్‌పుర్‌లో వైద్యం చదివి, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో ప్రజారోగ్యం చదివి వచ్చినవాళ్లు.

ఆస్పత్రి కట్టాలనుకున్నప్పుడు ముందు ఆదివాసీలను అడిగారు. మామూలు ఆస్పత్రి భవనమంటే వాళ్లకు భయం. తమ ఊరిలా, తమ ఇళ్లలా ఉండాలన్నారు. అందుకే అది గుడిసెల వరుసలా తయారైంది, వాళ్ల దేవత దంతేశ్వరి పేరే పెట్టారు. వినడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. కానీ జనం లోపలికి అడుగుపెట్టని ఆస్పత్రికి ఎన్ని మంచాలుంటే ఏం లాభం?

ఇక లెక్కల సంగతి. ఊళ్లలో పుట్టిన ప్రతి బిడ్డనూ, చనిపోయిన ప్రతి బిడ్డనూ రాసిపెట్టాలని సంస్థ నిర్ణయించుకుంది. ఊళ్లో ఉండే కార్యకర్తలు నమోదు చేస్తే, ఆరు నెలలకోసారి ఇంటింటికీ తిరిగి సరిచూసేవాళ్లు. ఒకరు రాసింది ఇంకొకరు తనిఖీ చేయడమన్న మాట. అలా రాస్తూ పోతే తేలిందేమిటంటే, పిల్లల మరణాల్లో ఎక్కువ భాగం పుట్టిన మొదటి 28 రోజుల్లోనే జరుగుతున్నాయి. జబ్బుచేసిన పసికందును ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా దూరం, వాన, డబ్బు, బాలింతను గడప దాటనివ్వని ఆచారం... ఇన్ని అడ్డంకులు.

బిడ్డ ఆస్పత్రికి రాలేనప్పుడు వైద్యమే ఇంటికి వెళ్లాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. కొద్దిగా చదువుకున్న ఊరి మహిళలను ‘ఆరోగ్యదూత్’లుగా తయారుచేశారు. బరువు తూయడం, ఒళ్లు చల్లబడకుండా చూడటం, ఊపిరందని బిడ్డకు ఊపిరందించడం, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకితే గుర్తుపట్టి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పారు. ఊరి మహిళ ఇంజెక్షన్ ఇవ్వడమేంటని పెదవి విరిచినవాళ్లకు మాటలతో కాదు, అంకెలతో జవాబిచ్చారు. 39 ఊళ్లలో ఈ సేవలు అందించారు, పోల్చి చూడటానికి మరో 47 ఊళ్లను తీసుకున్నారు. మూడో ఏడాదికి, 1997-98లో, సేవలున్న ఊళ్లలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో నెలలోపు చనిపోయినవాళ్లు 25.5. పోలిక కోసం తీసుకున్న ఊళ్లలో 59.6. ఈ ఫలితాలు 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి.

దీనికి ముందు అదే సంస్థ నిమోనియా మీద పనిచేసినప్పటి ముచ్చట ఒకటి చెప్పాలి. నిమోనియా వచ్చిన బిడ్డ ఆయాసపడుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడితే జబ్బు పట్టేయొచ్చు. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆపై పసిబిడ్డకు 50 దాటితే ప్రమాదమే. కానీ ఊళ్లో మంత్రసానులకు యాభై దాకా లెక్కపెట్టడం రాదే! అందుకని పూసలతో ఒక పరికరం చేశారు. నిమిషంలో ఇసుక కిందికి జారిపోయే గడియారం, పక్కనే రెండు వరుసల పూసలు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్ర పూస దాకా వస్తే నిమోనియా. పది దాకా లెక్క వస్తే చాలు. ఇంటర్వ్యూల్లో ‘ఇన్నోవేషన్ అంటే ఏమిటి?’ అని అడుగుతుంటారు కదా. యాప్‌ల పేర్లు వల్లించే బదులు ఈ పూసల సంగతి చెప్పి చూడండి.

ఇంతకీ దీనికీ మీ ఊరికీ సంబంధం ఏమిటంటే... 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటి వద్దే నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతా మొదలుపెట్టింది. అందులో ఇంజెక్షన్ల వంటివి లేకపోయినా మూలం గడ్చిరోలి అనుభవమే. ఆస్పత్రిలో పురుడు పోసుకుని ఇంటికొచ్చిన బాలింత దగ్గరికి మీ ఊరి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లాలి. మీ వదిన పురిటికి వచ్చినప్పుడు ఆశా అక్క తక్కెడ పట్టుకుని వచ్చి బిడ్డ బరువు చూసి వెళ్లడం గుర్తుందా? ఆ తక్కెడ వెనక 39 ఊళ్ల రిజిస్టర్లున్నాయి.

లెక్క తప్పితే ఏమవుతుందో కూడా అదే రాష్ట్రం చూసింది. మహారాష్ట్రలోని 13 స్వచ్ఛంద సంస్థలు తాము పనిచేసే ఊళ్లలో, బస్తీల్లో పిల్లల మరణాలను సొంతంగా లెక్కపెట్టి 2001లో ‘కోవళీ పాన్‌గళ్’ పేరుతో నివేదిక ఇచ్చాయి. లేత ఆకులు రాలిపోవడం అని దానర్థం. సర్కారు రిజిస్టర్లలో ఉన్నదానికంటే అసలు మరణాలు చాలా ఎక్కువని అది తేల్చింది. రాయని మరణం జరగనట్టే లెక్క. జరగనిదానికి బడ్జెట్ ఎవరిస్తారు?

కుదరలేదు అని రాసే ధైర్యం

నివేదికలో నేనైతే మొదట వెతికేది విజయగాథల పేజీని కాదు. ‘ఈ ఏడాది ఇది కుదరలేదు’ అని రాసిన పేరా ఎక్కడైనా ఉందా అని చూస్తాను. చాలా నివేదికల్లో ఉండదు. దాతలు ఏమనుకుంటారో అన్న భయం. అన్ని కార్యక్రమాలూ వంద శాతం లక్ష్యం చేరాయని ఉంటే మాత్రం కాస్త అనుమానించండి. ఊళ్లో పనిచేసినవాళ్లెవరికీ అన్నీ వంద శాతం జరగవు. వానాకాలంలో బళ్లు వెళ్లవు, ఎన్నికలొస్తే సమావేశాలు ఆగిపోతాయి, శిక్షణ ఇచ్చిన అమ్మాయికి పెళ్లయి వేరే ఊరెళ్లిపోతుంది.

సెర్చ్ కథలోనే చూడండి. మొదట్లో వాళ్లు సికిల్ సెల్ జబ్బు మీద అధ్యయనం చేశారు. వైద్యపరంగా అది ముఖ్యమైన విషయమే, జిల్లాలో ఆ జబ్బు ఉందని తేలింది కూడా. తీరా ఊళ్లవాళ్లను అడిగితే, వాళ్లు చెప్పిన బాధల్లో అది లేనే లేదు. పరిశోధన ఎవరి కోసం అన్న ప్రశ్న అక్కడ మొదలైంది. తర్వాత్తర్వాత ఏడాదికోసారి ఆదివాసీల ఆరోగ్య సభ పెట్టి, ఏ సమస్య మీద పనిచేయాలో వాళ్లనే అడిగే పద్ధతి పెట్టుకున్నారు. అభయ్ బంగ్ ఈ సంగతి దాచుకోలేదు, బహిరంగంగానే చెప్పుకొచ్చారు. 2018లో ఆ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. కుదరనిదాన్ని ఒప్పుకుంటే పరువు పోతుందనుకునే సంస్థలకు ఇది చెప్పాలి.

కాబట్టి గత మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకే అంశం మూడింటిలో ఎలా మారిందో చూడండి. మొదటి ఏడాది కాలేజీ అమ్మాయిల్లో రక్తహీనత మీద ఆర్భాటంగా రాసి, రెండో ఏడాది ఒక్క వాక్యంతో సరిపెట్టి, మూడో ఏడాది ఊసే లేకపోతే ఏదో జరిగినట్టే. నిధులు ఆగి ఉండొచ్చు, సమస్య తీరి మాత్రం ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంత సమస్య ఒక మండలంలో రెండేళ్లలో మాయమవదు కదా.

చివరి పేజీలు... అసలు సంగతి

ఆదాయ వ్యయాల పట్టికను కామర్స్ వాళ్లకు వదిలేయొద్దు. మీ జీతం అక్కడి నుంచే వస్తుంది. సంస్థ మొత్తం ఒకే దాత మీద నడుస్తోందా, నలుగురైదుగురు ఉన్నారా చూడండి. ఒక్కరే అయితే ఆ ప్రాజెక్టు ముగిసిన నాడు మీ ఉద్యోగమూ ముగుస్తుంది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు చాలా సంస్థలకు ఇప్పుడు ఆధారం. నిర్దేశిత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఇలా ఖర్చుచేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఈ డబ్బు ఎక్కువగా ఏడాదికి మంజూరవుతుంది. అందుకే మీ అపాయింట్‌మెంట్ లెటర్లో కూడా ‘మార్చి 31 వరకు’ అని ఉంటుంది. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలైతే పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. 2020 వరకు ఈ పరిమితి 50 శాతం ఉండేది. ఆఫీసులో మనుషులు ఎందుకు తగ్గారో, ఫీల్డ్ చూసే మనిషే రాత్రి కూర్చుని ఎంట్రీలు ఎందుకు చేస్తున్నారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇంకో మాట. ‘ఇది సేవ, జీతం గురించి ఆలోచించకూడదు’ అనేవాళ్లు తగులుతారు. మొహమాటపడకండి. సేవ చేసే మనిషికీ అద్దె ఉంటుంది, ఇంట్లో అమ్మానాన్నలుంటారు. పెట్రోలు ఖర్చు ఎవరిది, పీఎఫ్ ఉందా, చీకటి పడ్డాక అమ్మాయిలు ఫీల్డ్ నుంచి తిరిగి రావడానికి ఏర్పాటేమిటి... ఇవన్నీ నిస్సంకోచంగా అడగొచ్చు. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, స్వచ్ఛంద సంస్థ అన్నంత మాత్రాన మినహాయింపు రాదు. ఊళ్లో ఆడవాళ్ల రక్తహీనత గురించి బాధపడే సంస్థ, తన దగ్గర పనిచేసే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటున్నారో కూడా పట్టించుకోవాలి మరి.

ఏం చదవాలి, ఏం నేర్చుకోవాలి?

ఫీల్డ్ ఉద్యోగాలకు ఏదైనా డిగ్రీ సరిపోతుంది. ఎంఎస్‌డబ్ల్యూ, న్యూట్రిషన్, నర్సింగ్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు మొగ్గు ఉంటుంది. పైకి ఎదగాలంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ మంచి దారి. హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఈ కోర్సు అందిస్తున్నాయి. ముంబయిలో టిస్ ఉంది. పోషకాహారం మీద ఆసక్తి ఉంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. సెర్చ్ కూడా 2006 నుంచి ‘నిర్మాణ్’ పేరుతో యువతకు శిబిరాలు నడుపుతోంది.

కోర్సు కంటే ముందు రెండు నైపుణ్యాలు పట్టండి. ఒకటి ఎక్సెల్, దాంతోపాటు కోబో టూల్‌బాక్స్ వంటి సర్వే సాఫ్ట్‌వేర్. ఉచితంగానే నేర్చుకోవచ్చు. రెండోది ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకదు: అవతలి మనిషి చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినడం. ‘మందులు వేసుకుంటున్నారా పెద్దమ్మా?’ అంటే ‘ఆఁ, వేసుకుంటున్నా నాయనా’ అనేస్తుంది. ‘ఏదీ, మాత్రల డబ్బా ఒకసారి చూపిస్తావా?’ అంటే పోయిన పండక్కి తెచ్చిన స్ట్రిప్ సగం కూడా అవ్వలేదని తెలుస్తుంది. కోప్పడితే ఈసారి డబ్బా కూడా చూపించదు. ‘వేసుకుంటే ఏమన్నా ఇబ్బందిగా ఉందా?’ అని అడిగితే, కళ్లు తిరుగుతున్నాయనో, పొలం వెళ్లే తొందరలో మర్చిపోతున్నాననో అసలు సంగతి చెబుతుంది. ఈ జవాబే నివేదికలో 90కీ 40కీ మధ్య ఉన్న ఖాళీని నింపేది.

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఒక పని చేసి చూడొచ్చు. ఆశా అక్కనో ఏఎన్‌ఎంనో అడిగి, వాళ్లకు అభ్యంతరం లేకపోతే రెండు రోజులు వెంట తిరగండి. పేర్లు రాసుకోవద్దు, ఫొటోలు తీయొద్దు. ఎవరి జబ్బు వాళ్ల సొంత విషయం. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్ని తలుపులకు తాళాలున్నాయి, తాళం వేసి ఉన్న ఇంటికి మళ్లీ ఎప్పుడు వెళ్తారు అన్నది గమనిస్తే చాలు. ఇంటర్వ్యూలో ‘ఫీల్డ్ అనుభవం ఉందా?’ అంటే చెప్పడానికి రెండు రోజుల నిజమైన మాట ఉంటుంది.

ఇంటర్వ్యూ చివర్లో ఎలాగూ ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ అంటారు. చాలామంది ‘ఏం లేదు సార్’ అని లేచి వచ్చేస్తారు. మీరు నివేదిక తెరిచి, ఆ పేజీ చూపించి అడగండి: ‘పోయినేడాది మందులు మధ్యలో మానేసిన వాళ్లు 50 మంది అని రాశారు కదా మేడమ్, వాళ్లు ఇప్పుడెలా ఉన్నారు?’ మాట దాటేస్తే ఇంకో సంస్థకు అప్లై చేసుకోండి. ‘అందులో ముప్పై మందిని కలిశాం, ఇరవై మంది ఇంకా దొరకలేదు’ అంటూ రిజిస్టర్ తెప్పించి మీ ముందు పెడితే, జీతం, పీఎఫ్ సంగతులు తేల్చుకుని చేరిపోండి. ఆ ఇరవై మందిని వెతకడంతోనే మీ మొదటి నెల మొదలవుతుంది.